చెమట పట్టని గొట్టం

యోహెనా చోకిని ఈ జన్మలో క్షమించకూడదని గిమా మొరియోషి నిశ్చయించుకున్నాడు. తుఫాను దాటిన మర్నాడు, ఒక్క మాటైనా చెప్పకుండా, నీళ్ళ సంఘంలో నీళ్ళు పంచే నీరుగంటిని నేనే కదా అని, చోకి వచ్చి పంపకం తొట్టి దగ్గర మొరియోషి వాల్వు మూసేసి పోయాడు. మూసి ఊరుకోలేదు. చక్రానికి తాడు చుట్టి ముడి కూడా వేశాడు. మూయడం నీరుగంటి పని అనుకోవచ్చు. ముడి వెయ్యడం మాత్రం నువ్వు దొంగవి అని నలుగురిలో అనడమే.

వాల్వు చూడకముందే మొరియోషికి సంగతి తెలిసిపోయింది. పాలకూర షెడ్డులోకి వెళ్తూ, దారి పక్కన గోడవారగా వచ్చే గొట్టం మీద అలవాటుగా చెయ్యి వేశాడు. చెయ్యి పొడిగా వచ్చింది.

ఆ ఒడ్డున ఎవరికి నీళ్ళున్నాయో ఎవరికి లేవో అడగక్కర్లేదు. వెలుగు చేరని లోతునుంచి పంపులు లాగే సముద్రపు నీళ్ళు అవి. ఒకినావా ఎండకి దీవి దీవంతా ఉడుకుతుంటే, ఆ నీళ్ళు నడిచే గొట్టాలకి ఒళ్ళంతా చెమట పడుతుంది. కారి కారి కింద పాకుడు పెరుగుతుంది. దారిన పోయేవాళ్ళు మనిషిని పలకరించినట్టే గొట్టాన్నీ పలకరిస్తారు, మీది ఇవాళ బాగా చెమటోడుస్తోందే అని.

మొరియోషి గొట్టం కింద పాకుడు ఉంది. పైన చెమట లేదు.

లోపల అతని భార్య కజుయో మడి అంచున గొంతుక్కూచుని మట్టిలో వేలు గుచ్చి చూస్తోంది. ఆరు మళ్ళు. త్సుబో అంటే రెండు చాపలు పరిచినంత నేల. అలాంటివి ఆ ఆరు మళ్ళూ కలిసి నలభై రెండు. ప్రతి మడి కిందా సన్నగొట్టాలు పాముల్లా తిరుగుతాయి. ఆకులకి వేసవి, వేళ్ళకి చలికాలం. ఆగస్టులో పాలకూర ఆ దీవిలో ఇంకెక్కడా రాదు. బడి పిల్లల భోజనంలోకి, ఓడరేవు దగ్గర హోటళ్ళలోకి మొరియోషి పాలకూరే వెళ్ళాలి.

"ఎలా ఉంది?" అన్నాడు.

"పై వేలెడు వెచ్చబడింది. అడుగున ఇంకా చలి ఉంది."

"ఎంతసేపు ఉంటుంది?"

"నన్నడుగుతావేం? మూసినాయన్ని అడుగు. నేను చెప్పవలసినాయనకి చెప్పేశాను." అంటే వంటింట్లో పొయ్యి దేవుడికి. ఇంటి సంగతులన్నీ కజుయో అగరొత్తి ముట్టించి ఆయనకే చెప్పుకుంటుంది.

"ఏమని చెప్పావు?"

"యోహెనా వాళ్ళింటి పెద్దాయన మా కడుపు మీద కొట్టాడని. ఇంటి నంబరు కూడా చెప్పాను. దేవుడు పొరపాటున పక్కింటి మీద కోపం తెచ్చుకుంటే వాళ్ళేం చేశారు పాపం."

మొరియోషి మెడ చుట్టూ తువాలు బిగించుకుని పంపకం తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

తొట్టి కరెంటు కర్మాగారం వెనక ఉంటుంది. సముద్రం పైనున్న వేడికీ అడుగునున్న చలికీ తగువు పెట్టి, మధ్యలో కరెంటు లాక్కునే కర్మాగారం అది. పైనీళ్ళ వేడికే మరిగిపోయే మందు ఒకటి అందులో తిరుగుతూ ఉంటుంది. ఆవిరై చక్రం తిప్పుతుంది, అడుగునీళ్ళ చలి తగలగానే మళ్ళీ నీరవుతుంది. పని అయిపోయిన అడుగునీళ్ళు తొట్టిలోకి వస్తాయి. అక్కణ్ణుంచి నాలుగు వాల్వులు. నబె పెద్దమ్మ సముద్రపు ద్రాక్ష తొట్లకి ఒకటి, ఇతొకజు జెన్కో ఆల్చిప్పలకి ఒకటి, చోకి రొయ్యలకి ఒకటి, చివర మొరియోషి పాలకూరకి ఒకటి.

చోకి తొట్టి అంచు మీద వంగి వలగుడ్డకి పట్టిన చెత్త దులుపుతున్నాడు. మొరియోషి కంటే ఆరేడేళ్ళు పెద్ద. తల ఎత్తలేదు.

"అన్నా, నా వాల్వు మూశావు."

"మూశాను."

"ముడి వేశావు."

"వేశాను."

"ఎందుకు?"

"ఉత్తినే మూస్తే తెరుస్తావు కాబట్టి."

మొరియోషి ముందరి మాట మింగి వెనకటి మాట అన్నాడు. "కారణం అడుగుతున్నాను."

"లోతు పంపు ఒకటి కాలిపోయింది. నీళ్ళు సగమే వస్తున్నాయి. సామాను నాహా పట్నంనుంచి రావాలి. అల తగ్గితేగాని ఓడ కదలదు. ఎవరో ఒకరిది మూయాలి."

"ఎవరో ఒకరు అంటే నేనే కనపడ్డానా? నీ రొయ్యలు లేవూ?"

"పాలకూర మళ్ళీ వేస్తే మళ్ళీ వస్తుంది."

"రొయ్యలు రావా? అవేమైనా ఆకాశంనుంచి దిగాయా?"

చోకి వలగుడ్డ తిరగేసి రెండోవైపు దులిపాడు.

"పోనీ కరెంటు మిషను ఆపించు" అన్నాడు మొరియోషి. "అది నీళ్ళు తాగదు, చలి తాగుతుంది. లోపలికి పోయేటప్పుడు పళ్ళు జివ్వుమనే నీళ్ళు బయటికొచ్చేసరికి మెత్తబడి వస్తున్నాయి. నాలుగు రోజులు ఆపితే ఆ చలంతా మనదే. సగం నీళ్ళే నలుగురికీ సరిపోతాయి."

"గురువారం చూడ్డానికి వస్తున్నారు. ఎక్కడెక్కడి దీవుల వాళ్ళో."

"వస్తే?"

"ఎంత కరెంటు వస్తోందో బోర్డు మీద అంకె కనపడాలి. కనపడకపోతే వచ్చే వసంతంలో దీన్ని మూసేద్దామని చూస్తున్నారు. మిషను మూస్తే గొట్టం కూడా మూస్తారు. అప్పుడు నీ పాలకూరకి చలి ఎక్కణ్ణుంచి తెస్తావు? గంపలో ఐసు మోస్తావా?"

కర్మాగారం గోడ మీద బోర్డు వెలుగుతోంది. ఎప్పుడూ ఉండే దాంట్లో సగం కూడా లేదు, కానీ ఉంది. మొరియోషి ఆ ఎర్ర అంకెని చూశాడు. తన మళ్ళ కింద ఉండవలసిన చలి అక్కడ అంకెలయి కూచుంది.

ఇంటికి వస్తూ చోకి రొయ్యల షెడ్డు ముందునుంచి వచ్చాడు. చోకి గొట్టం నిలువునా చెమట్లు పట్టి, చివర చుక్కలు చుక్కలుగా కారుతోంది. కింద చిన్న మడుగు. ఒక పిచ్చుక అందులో స్నానం చేస్తోంది.

ఇంకేం కావాలి.

మంగళవారం మధ్యాహ్నం అందరూ తినే రేకుల పంచలో ఆ పిచ్చుక సంగతి మొరియోషి చెప్పాడు. చెప్పింది జెన్కోకి. జెన్కో సేమ్యా గిన్నెలోంచి తల ఎత్తి విన్నాడు, నల్లబెల్లం ముక్క నోట్లో వేసుకుని టీ తాగాడు.

"అయితే నీ పోట్లాట పిచ్చుకతోనా, చోకి అన్నతోనా?"

"నవ్వు. నీ గొట్టం తడిగా ఉంది కాబట్టి నవ్వొస్తుంది."

"నాదాంట్లోంచి ఓ చెంబెడు పొయ్యమంటావా?"

"పొయ్యి. పొయ్యవు."

"పొయ్యను" అని ఒప్పుకున్నాడు జెన్కో. "ఆమధ్య ఓసారి అందరం పోసుకున్నాం కదా, ఒకళ్ళకొకళ్ళం. ఏమైందో మర్చిపోయావా?"

ఎవరూ మర్చిపోలేదు. గొట్టం మూతి దగ్గర చెత్త అడ్డంపడి నీళ్ళు తగ్గిన ఏడాది అది. మీలో మీరు సర్దుకోండి అని చోకి మంచిగా చెప్పాడు. రొయ్యలు చచ్చిపోతాయేమోనని నబె పెద్దమ్మ తన వాల్వు మూసేసుకుంది. పెద్దావిడ గొట్టం ఎండి ఉంటే నాది కారుతుంటే ఎలా అని జెన్కో మూశాడు. వీళ్ళిద్దరివీ చూసి చోకి మూశాడు. ఒకళ్ళ మర్యాద ఒకళ్ళకి చెప్పుకోలేదు. రోజంతా చల్లనీళ్ళు చాలామటుకు ఎవరికీ కాకుండా పొర్లి సముద్రంలో కలిశాయి. పెద్దమ్మ తల్లితీగల్లో సగం ఉడికిపోయాయి. ఆ ఒడ్డున ఎవరింట్లో సముద్రపు ద్రాక్ష పెరిగినా ఆ తీగలోంచి తుంచుకున్నదే. ఆకుపచ్చ పూసల్లాంటి ఆ నాచు చలికీ తట్టుకోదు, వేడికీ తట్టుకోదు. మిగిలిన సగంతోనే ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ రోజు తెరిచి ఉన్నది మొరియోషి వాల్వు ఒక్కటే.

"నేనొక్కణ్ణే వాడుకున్నాను, నేనొక్కణ్ణే సిగ్గులేనివాణ్ణయ్యాను" అన్నాడు మొరియోషి. "మీరందరూ మర్యాదస్తులు. మీ మర్యాద ఎటు పోయింది? చేపలు తాగాయి."

"అందుకే నీకు ముడి వేశాడు అన్న" అన్నాడు జెన్కో. ఎగతాళిగా కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టే అన్నాడు. అది ఎక్కువ గుచ్చుకుంది.

బుధవారానికి మట్టి రెండు వేళ్ళ లోతున కూడా చెయ్యంత వెచ్చగా అయింది. ఎండ ఎక్కేసరికి పాలకూర కాడలు వంగిపోయాయి. ఒక మొక్క పీకి చూస్తే వేరు కొస గోధుమరంగు తిరిగి, గోటితో నొక్కితే జారిపోతోంది. కజుయో నల్లవల తెచ్చి రెండో వరస నీడ వేసింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కట్టారు. వల కింద గాలి ఇంకా బిగిసింది.

అప్పుడు గొడుగు వేసుకుని నబె పెద్దమ్మ వచ్చింది. ఎనభై దాటింది. చేతిలో రెండు కాకరకాయలు. షెడ్డు గుమ్మంలో ఆగి, మొదట గొట్టం మీద చెయ్యి వేసింది, తరవాత మనుషుల్ని చూసింది.

"ఏరా మొరీ, ఎండబెట్టాడా నిన్ను?"

"ఎండబెట్టాడు పెద్దమ్మా."

"అరిచావటగా."

"అరిస్తే ఎవరికి వినపడింది?"

ఆవిడ కాకరకాయలు కజుయో చేతిలో పెట్టి తిరగేసిన బుట్ట మీద కూచుంది. వంగిపోయిన మళ్ళని ఒక్కొక్కటే చూసింది. చిన్నపిల్లల జ్వరం చూసినట్టు చూసింది.

"రేపు మధ్యాహ్నం, ఆ వచ్చేవాళ్ళు వచ్చి పోయాక, నాది మూసేస్తాను. చోకికి చెప్పను. నువ్వు ముడి విప్పుకో. కత్తి ఉందిగా?"

కజుయో మొగుడి మొహం చూసింది.

"మీ తల్లితీగలు?" అన్నాడు మొరియోషి.

"నాతోపాటే అవీను. వాటికీ వయసొచ్చింది. నీకింకా తినవలసిన కాలం ఉంది."

వద్దు పెద్దమ్మా అనడానికి అది సరైన చోటు. మొరియోషి నోరు తెరిచాడు కూడా. కానీ వచ్చిన మాట వేరే. "చోకి అన్న గొట్టం చూశారా?"

"చూశాను. బాగా కారుతోంది. వాడికి ఉంటే సంతోషమే నాయనా. అదీ ఎండి ఉంటే నేను మొన్ననే మూసేద్దును. ఇద్దరు మగపిల్లలు ఎండిపోతుంటే ముసలిదానికి నీళ్ళెందుకు? ఒక్కడే అనుకుని ఆగాను."

"మీ ఇష్టం" అన్నాడు మొరియోషి.

పెద్దమ్మ గొడుగు సందు మలుపు తిరిగేదాకా కజుయో చూస్తూ నిలబడింది. తరవాత కాకరకాయలు నీళ్ళలో వేసింది. రాత్రి భోజనంలో అవి వండలేదు. ఎందుకు వండలేదని అతనూ అడగలేదు.

గురువారం పొద్దు పొడుస్తూనే మొరియోషి పాలకూర కోసే కత్తి తీసుకుని బయల్దేరాడు. ముందు ముడి కోసి ఉంచుకుంటే, పెద్దమ్మ మూయగానే తను తెరవచ్చు. దారి రొయ్యల షెడ్డు మీదుగానే. ఇవాళ చోకి ఎదురుపడితే అనవలసిన మాటలు వరసగా పెట్టుకుంటూ నడిచాడు.

షెడ్డు దగ్గర చోకి భార్య సుమి పెద్ద అల్యూమినియం కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. బార్లీ టీ కాచుకునే కెటిల్. దాని మూతిలోంచి సన్నధారగా గొట్టం మీద నీళ్ళు పోస్తోంది, చెట్టుకి పోసినట్టు కాదు, పై అంచు వెంట నెమ్మదిగా నడిపిస్తూ, రెండు వైపులా సమంగా జారేలా. అడుగుల చప్పుడికి తిరిగి చూసింది. చెయ్యి ఆగిపోయింది.

మొరియోషి దగ్గరికి వెళ్ళి గొట్టం మీద అరచెయ్యి వేశాడు.

తడి ఉంది. చలి లేదు. తన చెయ్యి ఎంత వెచ్చగా ఉందో గొట్టమూ అంతే ఉంది.

షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల గాలిగొట్టాల బుడబుడలు లేవు. తొట్టి అడుగున తెల్లగా సున్నం. ఆ అంచు మీదే చోకి కూచుని చెప్పులు వేసుకుంటున్నాడు.

"అరవకు" అన్నాడు. "పెద్దమ్మ లేచే వేళ."

మొరియోషి వరసగా పెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడా పనికిరాలేదు. "ఎప్పుడు మూశావు?"

"నీది మూసిన పొద్దున్నే. నీకంటే ముందు."

"రొయ్యలు?"

"పెరట్లో పాతేశాను."

సుమి కెటిల్ కింద పెట్టి నడుముకి కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. "గంపలు ఆయన మోశారు, గొయ్యి నేను తవ్వాను" అంది, ఎవరో అడిగినట్టు.

"నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది అన్నా?"

"నువ్వు నలుగురికీ చెబుతావు. నాది మూశానని తెలిస్తే పెద్దమ్మ తనది మూస్తుంది. ఆవిడది చూసి జెన్కో మూస్తాడు. తెలిసిందేగా మన సంగతి."

"నాది మూస్తే మాత్రం ఎవరూ మూసుకోరు."

చోకి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. "నువ్వు అరుస్తావు. అరిచేవాణ్ణి చూసి ఎవరికీ సిగ్గెయ్యదు. హాయిగా వాళ్ళ నీళ్ళు వాళ్ళు వాడుకుంటారు."

"అందుకని నన్ను ఎంచుకున్నావు."

"అందుకనే."

"అది అన్యాయం అన్నా."

"అన్యాయమే" అన్నాడు చోకి. వాదించలేదు. వాదిస్తే బాగుండేది.

తూర్పున ఎండ గోడ దిగి గొట్టం మీదికి వచ్చింది. పోసిన తడి కళ్ళముందే చివరలనుంచి ఆరుతోంది. సుమి కెటిల్ అందుకుంది. "కాస్త పక్కకి జరగన్నయ్యా, దారికి కనపడే వైపు ఆరిపోతోంది."

మొరియోషి జరిగాడు. కత్తి చేతిలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మొలలో దోపుకుని, తొట్టి వైపు పోకుండా వచ్చిన దారినే వెనక్కి పోయాడు. పెద్దమ్మ అన్న మాట వాళ్ళిద్దరికీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి ముందు బస్సు వచ్చింది. పూలచొక్కాలు వేసుకున్న పెద్దపెద్ద మనుషులు దిగి, బోర్డు ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. వాళ్ళలో ఒకాయన బయట కుళాయి కింద చెయ్యి పెట్టి, అడుగునీళ్ళ చలికి ఉలిక్కిపడి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు పాలకూర షెడ్డుదాకా వినపడింది. తరవాత చప్పట్లు. అంకె నిలబడినట్టుంది.

మొరియోషి ఇంట్లోంచి కెటిల్ తెచ్చాడు.

"టీ ఇక్కడికెందుకు?" అంది కజుయో.

అతను గొట్టం పై అంచు వెంట ధార నడిపాడు. మొదటిసారి ఎక్కువ పడి ఒకవైపే కారింది. కెటిల్ కొంచెం ఎత్తి, చెయ్యి నెమ్మది చేసి మళ్ళీ పోశాడు. చుక్కలు నిలిచాయి. కింద ఎండి గోధుమరంగు తిరిగిన పాకుడు నీళ్ళు తగలగానే పచ్చబడింది. కజుయో ఆ పనిని కాసేపు చూసింది. గొట్టం మీద వేలు పెట్టి చూసింది. మొగుడి మొహం చూసింది. లోపలికి వెళ్ళి రెండో కెటిల్ నింపుకొచ్చింది.

బస్సు వెళ్ళిపోయాక గొడుగు వచ్చింది. తొట్టి దగ్గరికి పోయే దారి అదే. పెద్దమ్మ దూరంనుంచే ఆగి గొట్టం వంక చూసింది.

"తెరిచాడా?"

"తెరిచాడు పెద్దమ్మా. పొద్దున్నే."

"అదేమిటి, అంత సులువుగా?"

"ఇంటికి వెళ్ళి అరిచాను."

"అరిస్తేగాని పని కాదన్నమాట నీతో."

"కాదు మరి."

ఆవిడ నవ్వుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఏదీ, చూడనీ" అని గొట్టం వైపు చెయ్యి చాపింది. ఆవిడ చెయ్యి ఆ నీళ్ళలో నలభై ఏళ్ళుగా నానిన చెయ్యి. తగిలితే చాలు.

మొరియోషి మధ్యలోకి వచ్చాడు. మడి అంచున, నీడ ఎక్కువ పడే మూల, ఇంకా నిలబడి ఉన్న మొక్కలు పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచాడు. ఆ కట్ట తీసి ఆవిడ చాపిన చేతిలో పెట్టాడు. ఒక చేతికి సరిపోయే కట్ట కాదు. పెద్దమ్మ గొడుగు మడిచి చంకలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది.

"ఇంతెందుకురా?"

"వండుకోండి. ఎండలో నిలబడకండి, ఇంటికి పదండి. మీ తొట్లు చూసుకోండి."

"చూసుకోక ఏం చేస్తాను" అంది పెద్దమ్మ. వాల్వు సంగతి మళ్ళీ ఎత్తలేదు. పాలకూర రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, గొడుగు వేసుకునే వీల్లేక నెత్తిన ఎండతోనే సందు మలుపు తిరిగింది.

మొరియోషి కెటిల్ ఎత్తాడు. దారివైపు ఆరిపోయిన చోట మళ్ళీ పోశాడు.

"పొయ్యి దేవుడితో చెప్పింది వెనక్కి తీసుకో" అన్నాడు.

"ఇంటి నంబరు కూడానా?"

"అదీ తీసుకో. చోకి అన్నని క్షమించానని మాత్రం చెప్పకు. క్షమించలేదు."

"సరే. అలాగే చెబుతాను" అంది కజుయో.

శనివారం ఓడ వచ్చింది. సాయంత్రానికి రెండో పంపు తిరిగింది. చోకి స్వయంగా తొట్టి దగ్గరికి వచ్చి తాడు ముడి విప్పాడు, బిగిసిపోతే పంటితో లాగి విప్పాడు. వాల్వు తెరిచి, విప్పిన తాడు చుట్టచుట్టి మొరియోషి చేతికి ఇచ్చాడు. మొరియోషి తీసుకున్నాడు. ఇద్దరూ గొట్టం పక్కనే నిలబడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా, చెమట పట్టేదాకా చూశారు. నబె పెద్దమ్మ తల్లితీగ ఒక్కటీ పోలేదు. మొరియోషికి పోయాయి, ఆవిడకిచ్చిన ఆ కట్ట తప్ప, ఆరు మళ్ళూ, నలభై రెండు త్సుబోలూ.